సోలార్ వేడినీళ్ల పైపు పక్కనే కరెంటు పైపు వేశారు, ప్లాస్టరింగ్‌కు ముందే మార్పించాలా?

టీచరమ్మ, అనంతపురం:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. కింద ఇల్లు మా మామగారు కట్టించింది. ఇప్పుడు పైన రెండు గదులు, ఒక బాత్‌రూమ్ వేస్తున్నాం. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో. అందుకని పని దగ్గర ఉండి చూసుకునేది నేనే. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నం ఇంటికి రాగానే అన్నం కూడా తినకుండా మిద్దె ఎక్కి, ఆ రోజు ఏం చేశారో చూస్తాను.

మొన్న చూసింది నన్ను నిద్రపోనివ్వడం లేదు. మిద్దె మీద 200 లీటర్ల సోలార్ హీటర్ ఉంది, గాజు గొట్టాల రకం. దాని నుంచి వేడినీళ్లు దిగే సీపీవీసీ పైపును ప్లంబర్ బాత్‌రూమ్ వెనక గోడలో గాడి కొట్టి దింపాడు. తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్, మళ్లీ గోడ కొట్టడం ఎందుకని, అదే గాడిలో తన పీవీసీ పైపు కూడా పెట్టేశాడు. రెండింటినీ కలిపి బైండింగ్ వైరుతో నాలుగు చోట్ల కట్టాడు. దాదాపు ఏడడుగుల పొడవునా ఒకదానికొకటి ఆనుకొనే ఉన్నాయి. వైర్లు కూడా లాగేశాడు. బాత్‌రూమ్‌లో 25 లీటర్ల, 2,000 వాట్ల గీజర్‌కు 2.5 స్క్వేర్ ఎంఎం, పక్క గదిలో ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం, రెండూ ఆ ఒక్క పైపులోనే.

అడిగితే, "ఏం కాదు మేడం, ఎఫ్ఆర్ వైరు వేశాను. ఎంత వేడైనా తట్టుకుంటుంది" అన్నాడు. మంచి పనివాడే. కింద ఇంట్లో ఏ రిపేరు వచ్చినా ఫోన్ చేసిన గంటలో వస్తాడు. అతని మాట కాదనాలని నాకు లేదు, కానీ మనసు ఒప్పుకోలేదు.

నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. నిన్న బడి ల్యాబ్ నుంచి 110 డిగ్రీల వరకు చూపించే థర్మామీటర్ తెచ్చాను. మధ్యాహ్నం మూడున్నరకు కింద కుళాయి తిప్పి నీళ్లు బకెట్లలోకి పట్టాను. నీళ్లు 74 డిగ్రీలు. ఇరవై నిమిషాలు అలా వదిలి, థర్మామీటర్ బుడ్డిని కరెంటు పైపుకు ఆనించి, పైన దూది పెట్టి గుడ్డతో కట్టి చూశాను. 56 డిగ్రీలు! గాడి ఇంకా తెరిచే ఉంది, గాలి తగులుతూనే ఉంది, అయినా అంత. చేతికి అందే ఎత్తులో బైండింగ్ వైరు బిగించిన చోట ఆ తెల్ల పైపు మీద సన్నటి గాటు పడి ఉంది. గోరుతో గీస్తే గోరు అందులో ఆగింది. పైపు పెట్టి మూడు రోజులే అయింది.

ఏసీ పెట్టే ఆ గది ఇంటర్ చదువుతున్న మా అమ్మాయిది. సోమవారం ప్లాస్టరింగ్, ఆపైన టైల్స్. ఒకసారి మూసేశాక ఆ గోడ లోపల ఏం జరుగుతుందో మళ్లీ మనకు కనిపించదు. నేను అనవసరంగా కంగారు పడుతున్నానా, లేక మార్పించాలా? మార్పిస్తే ఎంత దూరం ఉండాలి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

బిల్డింగ్ కాంట్రాక్టర్, కర్నూలు:

మేడం, టెన్షన్ పడకండి. పదిహేనేళ్లుగా ఇళ్లు కడుతున్నాను, ఇలా ఒకే గాడిలో వేసినవి చాలా ఉన్నాయి. ఒక్క విషయం ఆలోచించండి. సోలార్ నీళ్లు బాగా కాగిన రోజు ఎవరూ గీజర్ వెయ్యరు. ముసురు పట్టి గీజర్ వేసే రోజు సోలార్ పైపు చల్లగానే ఉంటుంది. పైగా కుళాయి తిప్పినప్పుడే ఆ పైపు వేడెక్కుతుంది. స్నానం అయిపోయాక అరగంటలో చల్లారిపోతుంది. రెండు వేడీ ఒకేసారి రావు.

మరీ భయంగా ఉంటే రెండు పైపుల మధ్య థర్మాకోల్ ముక్కలు పెట్టించి ప్లాస్టరింగ్ చేయించండి. ఖర్చు లేదు, గోడ మళ్లీ కొట్టే పనీ లేదు.

పాత వైర్‌మ్యాన్, తిరుపతి:

అమ్మా, ముందు ఆ థర్మాకోల్ మాట పక్కన పెట్టండి. వైరు పైతొడుగు మెత్తగా ఉండడానికి పీవీసీలో ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు. థర్మాకోల్ తగిలితే ఆ పదార్థాన్ని బయటికి లాగేస్తుంది. థర్మాకోల్ కరిగి జిగురవుతుంది, వైరు తొడుగు గట్టిపడి బీటలిస్తుంది. మీ వైరు పైపు లోపల ఉంది కాబట్టి నేరుగా తగలదనుకోండి. కానీ బాక్సుల దగ్గర, బెండు ఊడిన చోట తగులుతుంది. వేడినీళ్ల పైపు దగ్గరైతే ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. అలవాటుగా కూడా పెట్టకూడని వస్తువది.

కాంట్రాక్టర్ తమ్ముడు చెప్పినదాంట్లో నిజం ఉంది, సోలారూ గీజరూ ఒకేసారి నడవవు. కానీ అదే పైపులో ఏసీ వైరు ఉందని మీరే రాశారు కదా. ఏసీ నడిచేది, నీళ్లు కాగేది, రెండూ మే నెల మధ్యాహ్నమే. ఇంకొకటి, గీజర్ కింద దాని సొంత వేడినీళ్ల పైపు ఉంటుంది చూడండి, గీజర్ వైరు వేడెక్కే సమయంలోనే అదీ వేడెక్కుతుంది. అక్కడ రెండు వేడీ ఒకేసారి వస్తాయి. చాలామంది సోలార్ లైన్ గురించి ఆలోచిస్తారు గానీ ఆ రెండడుగుల ముక్కను ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు లెక్క. మామూలు పీవీసీ వైరులో రాగి 70 డిగ్రీలు దాటకూడదు. చుట్టూ 30 డిగ్రీలుంటే కరెంటు వల్ల మరో 40 డిగ్రీలు వేడెక్కడానికి చోటుంటుంది. మీ కొలత 56, ప్లాస్టరింగ్ అయ్యాక గాలి తగలదు, మే నెల ఎండలు ముందున్నాయి. కాబట్టి 60 అనుకుందాం. అప్పుడు మిగిలే చోటు 10 డిగ్రీలే, అంటే నాలుగో వంతు. కరెంటు సగమైతే వేడి నాలుగో వంతవుతుందని పిల్లలకు చెప్పేది మీరే కదా. అందుకే అక్కడ వైరు మోయగలిగేది సగమే. వైర్ల పట్టికల్లోనూ 60 డిగ్రీల దగ్గర గుణించాల్సింది 0.5 అనే ఉంటుంది. గోడలోని పైపులో వేసిన 2.5 వైరుకు 30 డిగ్రీల దగ్గర అంతర్జాతీయ పట్టిక 24 ఆంపియర్లు ఇస్తుంది. సగం చేస్తే 12. ఒకే పైపులో రెండు సర్క్యూట్లున్నాయి కాబట్టి ఇంకో 20 శాతం తీసేయాలి. మిగిలేది 9.6. మీ 2,000 వాట్ల గీజర్ 8.7 తీసుకుంటుంది. అంటే ఇవాళ్టికి గట్టెక్కినట్టే. రేపు ఆ గీజర్ పాడై 3,000 వాట్లది తెచ్చి పెడితే 13 ఆంపియర్లు. ఏసీ 4 స్క్వేర్ వైరుకు ఇదే లెక్క వేస్తే 12.8 వస్తుంది, ఒకటిన్నర టన్ను ఏసీకి చాలు. కాబట్టి రేపే అంటుకుంటుందని నేను భయపెట్టడం లేదు.

కానీ మెయిన్ బోర్డులో (డీబీలో) ఉన్న ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే పడిపోయే స్విచ్, మిమ్మల్ని కాపాడుతుందని మాత్రం అనుకోకండి. 16 ఆంపియర్ల ఎంసీబీ కరెంటు ఎంత పోతోందో చూస్తుంది, అంతే. గోడలో ఆ ఏడడుగుల దగ్గర వైరు ఎంత వేడి మీద ఉందో దానికి తెలియదు. 13 ఆంపియర్లు ఎంతసేపు పోయినా పడిపోదు.

ఎఫ్ఆర్ గురించి: ఎఫ్ఆర్ అంటే మంట వైరు వెంట పాకనివ్వదని. ఎక్కువ వేడిని తట్టుకుంటుందని కాదు. వేడికి చేసినది వేరే, హెచ్ఆర్ ఎఫ్ఆర్ అని అడగాలి, దాని హద్దు 85 డిగ్రీలు. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చుట్ట మీద చదివి తీసుకోండి.

తెల్ల పైపు సంగతి ఇంకా ముఖ్యం. ఆ పీవీసీ పైపు 60 డిగ్రీల దాకానే. సీపీవీసీ 93 దాకా తట్టుకుంటుంది, రెండూ ప్లాస్టిక్కే అని ఒకే గాటన కట్టకూడదు. పైగా సీపీవీసీ వేడికి సాగుతుంది. మీ ఏడడుగుల పైపు 45 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, చల్లారితే మళ్లీ వెనక్కి. బైండింగ్ వైరుతో కట్టేశారు కాబట్టి రోజూ పక్క పైపును రుద్దుతుంది. మీ గోరు ఆగిన గాటు దాని మొదలే.

ఒకసారి ఇక్కడ ఒక లాడ్జిలో గోడ తెరిచాను. తొమ్మిదేళ్ల పని. రోజూ సాయంత్రం ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్, పడిపోతోందని పిలిచారు. అంతకుముందు ముగ్గురు వచ్చి ఆర్‌సీసీబీయే పాడైందని మార్చి వెళ్లారట. టైలు తీసి చూస్తే వేడినీళ్ల ఎల్బో నుంచి చెమ్మ కారి కరెంటు పైపులోకి దిగుతోంది. పైపు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా నొక్కుకుపోయింది. పాత వైరు లాగితే రాలేదు. ముక్క కోసి వేళ్ల మధ్య వంచితే తొడుగు ఎండు పుల్లలా పుటుక్కుమని విరిగి లోపల రాగి కనిపించింది. ఆ గదిలో ఆ పూటే ఒక కుటుంబం చిన్నపిల్లలతో దిగి ఉంది. వాళ్లు బట్టలు ఆరేసుకున్న తాడు ఆ స్విచ్ బోర్డు పక్క మేకుకే కట్టి ఉంది. ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు.

మార్పించండమ్మా. గాడి తెరిచి ఉన్నప్పుడు అది పూట పని.

తెలుగబ్బాయి, లెస్టర్ (ఇంగ్లండ్):

టీచర్ గారూ, ఇక్కడి అనుభవం ఒకటి చెప్తాను. ఇక్కడ చలికి ఇల్లంతా వేడినీళ్ల పైపులు తిరుగుతాయి. బాయిలర్ నుంచి 60, 70 డిగ్రీల నీళ్లు రాగి గొట్టాల్లో ప్రతి గది రేడియేటర్‌కూ వెళ్లి వస్తాయి. మీ దగ్గర స్నానం చేసినంతసేపే, ఇక్కడ చలికాలం నాలుగైదు నెలలు పొద్దున్నా సాయంత్రం గంటల తరబడి.

మేం కొన్నది పాత ఇల్లు. పడకగదిలో చెక్క నేల ఒక చోట కిర్రుమంటోందని పలక ఎత్తాం. కింద దూలానికి కొట్టిన ఒకే గాటులో రెండు రాగి గొట్టాలు, వాటి మధ్య ఇరుక్కొని సాకెట్ల కేబుల్. తెల్ల తొడుగు గొట్టం తగిలిన చోట టీ మరకలా గోధుమరంగుకు తిరిగి, బల్లపరుపుగా అణిగిపోయింది. పక్కనే రెండు అంగుళాల దూరంలో ఉన్న కేబుల్ మాత్రం కొత్తదానిలా ఉంది. ఆ రెండు అంగుళాల తేడా చూశాక నేను మిగతా పలకలన్నీ ఎత్తించాను.

ఇక్కడి వైరింగ్ నియమాల పుస్తకం బీఎస్ 7671. బయటి వేడి నుంచి వైరును కాపాడాలని అందులో ఉంది, ఆ వేడి ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చెప్పే చోట వేడినీళ్ల వ్యవస్థ పేరూ ఉంది. దారులు కూడా చెప్తుంది: మధ్యలో అడ్డు పెట్టడం, తగినంత దూరంగా జరపడం, ఆ వేడికి తగ్గ వైరు ఎంచుకోవడం, ఆ చోట మాత్రం ఇన్సులేషన్ బలపరచడం లేదా మార్చడం. మా ఎలక్ట్రీషియన్ మొదట చూసేది దూరమే. జరపడానికి అస్సలు చోటు లేని దగ్గరే మిగతావి.

ఆయన చెప్పిన ఇంకో మాట నాకు బాగా పనికొచ్చింది. తొడుగు వేయాల్సింది వేడి పైపుకు, వైరుకు కాదు. వైరుకు చుడితే దాని సొంత వేడి బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది, మనమే దుప్పటి కప్పినట్టు. మీ దగ్గర ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్ల రబ్బరు స్పాంజ్ దొరుకుతుంది కదా, అది 100 డిగ్రీలు దాకా తట్టుకునే రకం అడిగి తీసుకొని వేడినీళ్ల పైపుకు తొడిగించండి. నీళ్ల వేడి కూడా దారిలో పోదు.

టీచరమ్మ, అనంతపురం:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పెద్దాయన గారూ, మీ లెక్కను రాత్రి కాగితం మీద నేనూ వేశాను, సరిగ్గా అంతే వచ్చింది. ఇన్నేళ్లుగా ఆ సూత్రం బోర్డు మీద రాస్తున్నాను, మా గోడలో దాన్ని చూస్తానని అనుకోలేదు.

ఒక్క సందేహం మిగిలింది. గీజర్ పాయింట్ దగ్గర కరెంటు పైపు వేడినీళ్ల పైపును దాటక తప్పదు. అక్కడ ఏం చెయ్యాలి? దూరం ఎంతని చెప్పమంటారు మా ఎలక్ట్రీషియన్‌కి?

పాత వైర్‌మ్యాన్, తిరుపతి:

పక్కపక్కనే నడిచే చోట నేను అర అడుగు వదులుతాను, మధ్యలో గాలి కాదు, ఇటుకా సిమెంటూ ఉండాలి. ఇది పుస్తకంలో అంకె కాదు, నా చేతి అలవాటు. దాటే చోట ప్లస్ గుర్తులా అడ్డంగా, ఒక్క చోటే దాటాలి, ఏటవాలుగా వెంట నడవకూడదు. అక్కడ వేడి పైపుకు అటూ ఇటూ జానెడు నల్ల స్పాంజ్ తొడిగించి, రెండింటి మధ్య సిమెంటు నిండేలా చూడండి. వేడినీళ్ల పైపు జాయింటు కింద మాత్రం కరెంటు పైపు ఎక్కడా ఉండకూడదు. గీజర్‌కు హెచ్ఆర్ ఎఫ్ఆర్ వైరు వేయించండి, 4 స్క్వేర్ అయితే రేపు పెద్ద గీజర్ పెట్టినా ఆలోచించనక్కర్లేదు. ఏసీకి వేరే పైపు.

మూసేముందు మెగ్గర్‌తో, అంటే వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మీటరుతో, చూడమనండి. మెయిన్ ఆపి, గీజర్, ఏసీ వైర్లు విప్పేసి, 500 వోల్టుల మీద ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఎక్కడో దెబ్బ తగిలినట్టు. కొత్త వైరు దానికంటే చాలా ఎక్కువే చూపించాలి.

టీచరమ్మ, అనంతపురం (నాలుగు రోజుల తర్వాత):

పని అయింది, చెప్పాలి కదా.

ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడేటప్పుడు మీ మాటలేవీ చదివి వినిపించలేదు. థర్మామీటర్ కట్టి, కుళాయి తిప్పి, అతన్నే చూడమన్నాను. ఇరవై నిమిషాలు ఇద్దరం ఆ గోడ ముందే నిలబడ్డాం. 57 చూపించింది. చెయ్యి పెట్టి చూసుకున్నాడు, తర్వాత ఆ గాటు మీద వేలు పెట్టి చూశాడు. "నేను చల్లనీళ్ల పైపే అనుకున్నాను మేడం" అన్నాడు మెల్లగా. నాకూ అప్పుడే అర్థమైంది. అతను వచ్చేనాటికి సోలార్ కనెక్షన్ ఇవ్వలేదు. గాడిలో ఉన్న సీపీవీసీ పైపు వేడినీళ్లదో, చల్లనీళ్లదో ఎవరూ గుర్తు పెట్టలేదు. అతనికి ఎవరు చెప్పారు గనుక? ప్లంబర్ వెళ్లేటప్పుడు ఎర్ర పెయింటుతో ఒక చుక్క పెట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఇళ్లు కట్టుకునేవాళ్లు ఈ ఒక్క పని చేయించండి.

మరుసటి రోజు తలుపు పక్క గోడలో రెండు కొత్త గాడులు కొట్టాడు, గీజర్‌కొకటి, ఏసీకొకటి. వేడినీళ్ల పైపుకు మూడడుగుల దూరం వచ్చింది. గీజర్‌కు 4 స్క్వేర్ హెచ్ఆర్ ఎఫ్ఆర్. ఏసీకి పాత వైరే, కానీ ముందు బయటికి లాగి మొత్తం పొడవునా చేత్తో తడిమి చూశాం, ఎక్కడా దెబ్బ లేదు. నల్ల స్పాంజ్ ఏసీ రిపేరు షాపులో దొరికింది. గీజర్ కింద దాటే చోట రెండు వైపులా తొడిగించాను, మిగిలిన ముక్కతో మిద్దె మీద ఎండకు ఉన్న పైపుకు కూడా. కూలీ, సామాను అన్నీ కలిపి 4,100 రూపాయలైంది. ఎలక్ట్రీషియన్ తన కూలీ వద్దన్నాడు, సగమైనా తీసుకోమని చేతిలో పెట్టాను.

నిన్న మూడున్నరకు మళ్లీ అదే థర్మామీటర్, అదే దూది. దాటే చోట కరెంటు పైపు మీద 38. తలుపు పక్క గాడిలో 33, అంటే గోడ వేడి అంతే.

మూసేముందు గోడకు టేపు ఆనించి ఫోటోలు తీశాను. మూల నుంచి ఎంత, నేల నుంచి ఎంత అన్నది మా అమ్మాయి నోటు పుస్తకంలో బొమ్మ గీసింది, వేడినీళ్ల పైపు ఎర్ర పెన్నుతో, కరెంటుది నీలంతో. రేపు అద్దానికో అలమారకో డ్రిల్ పెట్టే రోజు అది చూసుకొని పెడతాం.

మెగ్గర్ ఎలక్ట్రీషియన్ దగ్గర లేదు, తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చాడు. రెండు సర్క్యూట్లకూ 200 మెగా ఓమ్‌ల పైనే చూపించింది. పొద్దున ఏడింటికి బేల్దారి వస్తున్నాడు, గాడులు మూసేయమని చెప్పాను.